సన్మాన పత్రంలో రాయని చెవి

మా ఆయన సైన్యంలో ఫిరంగి దళం అధికారి. యుద్ధంలో చూపిన ధైర్యానికి పతకం అందుకున్న మనిషి. ఈ సంగతి తెలిసిన ఆడవాళ్ళు నన్ను పక్కకి పిలిచి, అలాంటాయన్ని చేసుకోవడానికి నీకు భయం వేయలేదా అని అడుగుతుంటారు. వేసింది. చచ్చేంత భయం వేసింది. కాకపోతే నా భయం శత్రు దేశం గురించి కాదు, మా నాన్న గురించి.

నాన్న సంగతి ముందు చెప్పాలి. పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్య నల్లరేగడి పొలాల్లో మాదొక ఊరు. నాన్న మిరపా పత్తీ వేసేవాడు. గొంతు పెద్దది. ఇంట్లో కూర్చుని మంచినీళ్ళు అడిగితే పత్తి చేలో కలుపు తీసేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. కోపమూ పెద్దదే, కానీ దానికో పద్ధతి ఉండేది. మా బాబాయి కూతురికి తాంబూలాలు పుచ్చుకునే రోజున పెళ్ళికొడుకుని తీసుకెళ్ళి ఫ్యాను కింద కూర్చోబెట్టారు. గాలికి అతని విగ్గు ఒక పక్కకి జరిగింది. అందరూ చూడనట్టు తలలు తిప్పుకున్నారు. నాన్న ఒక్కడే లేచి, తాంబూలం పళ్ళెం వెనక్కి ఇచ్చి, కండువా దులుపుకుని బయటికి వచ్చేశాడు. తర్వాత ఊళ్ళో ఎవరడిగినా ఒకటే మాట.

"బట్టతలైతే ఏంది, నాకూ వస్తా ఉంది. కప్పినందుకు మండింది నాకు."

ఆ మాట మా ఇంట్లో చట్టమైపోయింది. సంబంధం తెచ్చేవాళ్ళు కూడా మా గుమ్మం ముందు ఒకసారి ఆగి, అబ్బాయికి ఏమేం ఉన్నాయో ఏమేం లేవో గుర్తు తెచ్చుకుని మరీ లోపలికి వచ్చేవాళ్ళు.

రెండు వేల సంవత్సరం మొదట్లో నేను పక్క ఊరి ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. నాకు ఇరవై రెండేళ్ళు. సైకిలు మీద వెళ్ళివచ్చేదాన్ని. ఒకరోజు హెడ్మాస్టరు గారు పిలిచి, మా ఊరివాడొకడు మొన్నటి కొండల యుద్ధంలో పోరాడి సేనా పతకం తెచ్చుకున్నాడు, సెలవు మీద వస్తున్నాడు, ఊరంతా కలిసి సన్మానం చేస్తోంది, సన్మాన పత్రం నువ్వే రాయాలి అన్నారు.

సన్మాన పత్రం రాయడానికి మా వైపు ఒక కొలత ఉంది. రిటైరైన టీచరుకైనా, గెలిచిన సర్పంచికైనా, బంగారు రంగు అంచున్న కాగితం మీద అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, సభలో గట్టిగా చదవాలి. చదవడం పూర్తయ్యేసరికి కుర్చీలో కూర్చున్నవాడికి తానెవరో తనకే అనుమానం రావాలి. నిజాలు రెండు ఉంటే చాలు, విశేషణాలు ఇరవైకి తగ్గకూడదు. నేను ఎం.ఏ. తెలుగు చదివినదాన్ని, విశేషణాలకి కొరతేముంది?

ఆ రెండు నిజాల కోసం వాళ్ళమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వసారాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీయిస్తోంది. నాకూ ఒక చేట ఇచ్చి, చేతులు పనిచేస్తుంటే చెబుతానంది. కొడుకు పదేళ్ళప్పుడు సైనిక్ స్కూలు పరీక్ష రాసి, రేకు పెట్టె పట్టుకుని రైలెక్కాడట. మొదటి సెలవులకి ఇంటికొచ్చి, పొద్దున్నే లేచి దుప్పటి నాలుగు మూలలూ లాగి మడత పెట్టాడట. అది చూసి ఈవిడ, జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసిందట. తర్వాత పూణే దగ్గర అకాడమీ, డెహ్రాడూన్, భుజాల మీద నక్షత్రాలు. లెక్కల్లో గట్టివాడు కాబట్టి ఫిరంగి దళానికి పంపారని హెడ్మాస్టరు గారి వాదన. చిన్నప్పుడు ఆ ఎక్కాలు తానే నేర్పాడు కాబట్టి పతకంలో సగం తనదని కూడా ఆయన చాలామందికి చెప్పుకున్నారు. ఎడారిలో రెండేళ్ళు, కాశ్మీరంలో మూడేళ్ళు. ఉత్తరాల్లో మాత్రం ఎప్పుడూ అవే నాలుగు ముక్కలు: నేను క్షేమం, భోజనం బాగుంది, చలిగా ఉంది, నాన్న మందులు మానకూడదు. ఎడారి నుంచి మే నెలలో రాసిన ఉత్తరంలో కూడా చలిగానే ఉందట.

పోయిన వేసవిలో యుద్ధం జరుగుతున్నప్పుడు ఆవిడ టీవీ ముందు నుంచి లేవలేదు. అందులో ఫిరంగి మోగినప్పుడల్లా పక్కింటివాళ్ళకి అది మావాడు పేల్చిందేనని చెప్పేదట. ఈ ముక్క ఆవిడ నవ్వుతూనే మొదలుపెట్టింది, నేనూ నవ్వాను. ఇంతలో ఆవిడ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది.

"మోగినంతసేపూ బాగానే ఉండేది అమ్మాయ్. మోగడం ఆపితేనే కాళ్ళూ చేతులూ ఆడేవి కావు."

నాకు బుద్ధి ఉంటే ఆ మాట పత్రంలో రాయాలి. నేను రాసిందేమిటంటే, మంచు శిఖరాల మీదికి భుజాన ఫిరంగినెత్తుకుని ఎగబాకిన అపర భీముడు, వగైరా. రాసుకుని నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

సన్మానం రోజున ట్రాక్టరు ట్రక్కుకి చామంతులు కట్టి ఊరేగింపు తీశారు. పతకం వచ్చింది ఫిరంగులకి కాబట్టి శబ్దం తక్కువైతే ఊరికి అవమానమని మావాళ్ళ లెక్క. చీరాల నుంచి సంచుల నిండా బాంబులు తెప్పించారు. నెలల తరబడి గుండ్ల మోత మధ్య బతికి, కాస్త నిశ్శబ్దం కోసం ఇంటికొచ్చిన మనిషికి దారి పొడుగునా చెవుల దగ్గర లక్ష్మీ బాంబులు పేల్చి గౌరవించింది బహుశా దేశం మొత్తం మీద మేమే అయి ఉంటాం. ఆయన మాత్రం ట్రక్కు మీద తిన్నగా నిలబడి, అందరికీ నమస్కారాలు పెడుతూ వచ్చారు. పొడుగు, నలుపు, కుదురుగా దువ్విన జుట్టు. అది విగ్గు కాదని నేను మొదటి నిమిషంలోనే గమనించాను. ఎందుకు గమనించానో అప్పుడు నాకే తెలియదు.

నేను మైకు ముందు నిలబడి పత్రం చదివాను. అపర భీముడి దగ్గర చప్పట్లు మోగిపోయాయి. శాలువా కప్పించుకున్నాక ఆయన మైకు తీసుకుని, ఈ పత్రంలో ఉన్నాయనకి నాక్కూడా దండం పెట్టాలనిపిస్తోంది, కానీ అది నేను కాదండి అన్నారు. సభంతా నవ్వింది. ఫిరంగిని ఎత్తడం కాదు, లాగాలన్నా పెద్ద లారీ కావాలట. ఆయన ఫిరంగి దగ్గర కూడా లేరట. ముందుకి వెళ్ళి ఒక రాతి చాటున రేడియో పెట్టుకుని, ఇంకో వంద మీటర్లు ముందుకి, కొంచెం కుడికి అని చెబుతూ కూర్చున్నారట. వెనక చలిలో నిలబడి పేల్చింది ఆయన మనుషులట. వాళ్ళ ఊళ్ళ పేర్లు, బీహారువి, పంజాబువి, తమిళనాడువి, ఒక్కొక్కటే చెప్పి, ఈ శాలువా వాళ్ళదండి అని ముగించి కూర్చున్నారు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళు మండింది. అంతమందిలో నా భీముడి పరువు తీస్తాడా అనుకున్నాను. ఆ మంటతోనే ఆయన్ని గుడ్లురిమి చూస్తూ కూర్చున్నాను కాబట్టి, ఇంకెవరూ చూడనిది నేను చూశాను. వేదికకి ఎడమ వైపున ఎవరో చివరి బాంబు పేల్చారు. ఆయన అదెక్కడ పేలిందా అని కుడి వైపుకి తిరిగి వెతికారు. ఎడమ పక్కన కూర్చున్న హెడ్మాస్టరు గారు ఆయనతో ఏకధాటిగా మాట్లాడుతున్నారు, ఆయన మాత్రం ఎదురుగా ఉన్న పిల్లల్ని చూసి నవ్వుతున్నారు. సభ అయ్యాక వాళ్ళమ్మ గారు జనాన్ని తోసుకుంటూ వచ్చి, కావాలని చుట్టూ తిరిగి కుడి పక్కకి చేరి అప్పుడు మాట్లాడింది. నాకు అర్థమైంది. ఈ మనిషి ఒక చెవి ఆ రాతి చాటునే వదిలేసి వచ్చాడు. మైకు ముందు నిలబడి తనకి తగిలిన దెబ్బ తప్ప మిగతా అందరి ఊళ్ళూ చెప్పాడు.

ఆ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ ఇంటికొస్తుంటే నాకు నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, దారిలో ఎదురైన ఎద్దుల బండికి కూడా నమస్కారం పెట్టాను. ప్రేమంటే అదేనని చెప్పేవాళ్ళు పక్కన ఎవరూ లేరు కానీ, చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

నాలుగు రోజులకి హెడ్మాస్టరు గారు మా ఇంటికే వచ్చి సంబంధం కదిపారు. నేను వంటింట్లో చెంచా కింద పడేశాను. అమ్మ సైన్యం అనగానే కళ్ళొత్తుకుంది. నాన్న మాత్రం, శాలువా వేరేవాళ్ళదని చెప్పినాయన ఈయనేనా అని అడిగి, మనిషిని చూద్దాం రమ్మనండి అన్నాడు. చెవి సంగతి హెడ్మాస్టరు గారు ఎత్తలేదు. తెలిసి ఎత్తలేదా, తెలియక ఎత్తలేదా అని తలుపు చాటున నిలబడి ఆయన ముఖం చూశాను. నీళ్ళు నమిలే ముఖమే అది. తెలుసు.

చెప్పేయాల్సింది నేనైనా. కానీ విగ్గు పళ్ళెం కళ్ళ ముందు తిరుగుతోంది. ముందే ఎందుకు చెప్పలేదని నాన్న వాళ్ళని దులిపేస్తాడు, అంతటితో అయిపోతుంది. ముందు ఆ మనిషిని ఒక గంట నాన్న ఎదుట కూర్చోనిద్దాం, నచ్చాక చూసుకుందాం అనుకున్నాను. మోసమే. నాకు తెలుసు. తెలిసే చేశాను.

పెళ్ళిచూపుల రోజు పొద్దున వసారాలో కుర్చీలన్నీ నేనే సర్దాను. ఆయన కుర్చీని మూలకి జరిపి, ఎడమ చెవి గోడ వైపు ఉండేలా వేశాను. మిగతావన్నీ కుడి వైపు. ఏళ్ళ తరబడి గుమ్మం పక్కనుండే నాన్న పడక్కుర్చీని కూడా కదిపాను. ఇదేం సర్దుడే అని అమ్మ అడిగితే వాస్తు అన్నాను. ఆ రోజుల్లో మా జిల్లాల్లో ఆ మాటంటే రెండో ప్రశ్న ఉండేది కాదు. అది అలవాటైపోయి, తర్వాత ఈ తొమ్మిదేళ్ళలో రాజస్థాన్ ఇసుకలో, తూర్పు కొండల్లో, నాసిక్ దగ్గర ఆయన కొత్త అధికారులకి పాఠాలు చెప్పిన చోట, మొత్తం ఏడు ఇళ్ళు మారితే ఏడింట్లోనూ ముందు ఆయన కుర్చీకి గోడ చూశాకే పొయ్యి వెలిగించాను. చెవి పేరు చెప్పి డాక్టర్లు ఆయన్ని ఆరోగ్యం కాగితాల మీద ఒక మెట్టు దించారు. పనిలో మాత్రం ఆయన మెట్లెక్కుతూనే ఉన్నారు.

సరే, ఆ రోజుకి వస్తాను. మధ్యాహ్నం మూడింటికి ఆయన, వాళ్ళమ్మ గారు, హెడ్మాస్టరు గారు వచ్చారు, ఒంట్లో బాగాలేక వాళ్ళ నాన్న గారు రాలేదు. ఆయన మూలనున్న కుర్చీ చూసి ఒక్క క్షణం ఆగి, కూర్చున్నారు. నా పథకం అద్భుతంగా నడిచింది. నాన్న అడుగుతున్నాడు, ఆయన జవాబు చెబుతున్నారు. నేను కాఫీలు ఇచ్చి, నేల చూపులు చూస్తూ చాప మీద కూర్చున్నాను.

అప్పుడు ఎండ పోయింది. మా ఇల్లు ఊరి చివర, పెరటి వెనకే కల్లం. ఏడాది కష్టమంతా, ఇంకో రెండు రోజులెండితే గుంటూరు యార్డుకి వెళ్ళాల్సిన మిరపకాయంతా, అక్కడ ఎర్రగా పరిచి ఉంది. ఎండిన కాయ తడిస్తే బూజు పట్టి తాలైపోతుంది, ఇక ఎవరూ ముట్టుకోరు. అటు సముద్రం వైపూ మబ్బు పట్టింది, ఇటు కొండల వైపూ పట్టింది. నాన్న బయటికి తొంగి చూసి, ఇది ఇట్టా వచ్చి అట్టా పోయిద్దిలే అన్నాడు. పెళ్ళివారి ముందు కంగారు పడటం తనకి నామోషీ.

ఆకాశమంతా ఒక్కసారి తెల్లగా మెరిసింది. మూల కుర్చీలో ఆయన పెదాలు కదలడం మొదలుపెట్టాయి. మంత్రం చదువుకుంటున్నాడు, భక్తి ఉంది అని మా అమ్మ మెచ్చుకోలుగా చూసింది. ఉరుము వినపడగానే పెదాలు ఆగాయి. ఐదు నిమిషాలకి మళ్ళీ మెరిసింది, మళ్ళీ కదిలాయి, ఈసారి తొందరగా ఆగాయి. ఆయన కుర్చీలోంచి లేచి నాన్నతో, మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడంకెలు లెక్కపెడితే ఒక కిలోమీటరండి, ఇందాక ఎనిమిది కిలోమీటర్లు, ఇప్పుడు ఆరు, పావుగంటలో వాన మీ కల్లం మీదుంటుంది అన్నారు. కాయ ఎత్తాలి, గాలి వచ్చే వైపు కొస ముందు ఎత్తి, మీద కప్పే పట్టాలు ఆ వైపే ముందు బిగించాలి, లేకపోతే ఎగిరిపోతాయి అని కూడా అన్నారు. అందరూ లేచి పెరట్లోకి పరుగెత్తాం. మూడో ఉరుము ఉరిమింది. ఆయన ఆకాశం కేసి నాలుగు వైపులా చూసి, మా వైపు తిరిగారు.

"ఉరుము ఎటు నుంచి వచ్చిందో చెప్పండి. నాకు ఎడమ చెవి వినపడదు కదా, ఒక చెవితో దూరం తెలుస్తుంది కానీ దిక్కు తెలియదు."

ఆ "కదా" దగ్గర నా ప్రాణం పోయింది. ఆయనకి దాచే ఉద్దేశమే లేదు. మాకు ముందే తెలుసని అనుకుంటున్నారు. హెడ్మాస్టరు గారు చూరు కేసి చూస్తున్నారు. అమ్మ నోరు తెరిచే ఉంది. నాన్న ఆయన కేసి చూస్తున్న చూపు, అచ్చం ఆ రోజు ఫ్యాను కింద విగ్గుని చూసిన చూపు. అవతల మబ్బు ఆగడం లేదు.

"పడమర," అన్నాను.

మా ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

ఇక ఆ పావుగంట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు తేలిపోతుంది. పట్టు చీరలు బొడ్లో దోపి అమ్మా, నేనూ, వాళ్ళమ్మ గారూ చీపుర్లతో కాయ ఊడ్చాం. ఇరుగుపొరుగు తట్టలతో పరుగెత్తుకొచ్చారు. హెడ్మాస్టరు గారు ఇస్త్రీ చొక్కా మీద రాళ్ళు మోసి, పట్టాల అంచుల మీద పెట్టారు. మా ఆయన మాత్రం అరవలేదు. నాన్న పక్కన నిలబడి, ఆ కొసకి ఇద్దరు, ఈ మూలకి తాడు అని మామూలుగా చెబుతున్నారు. అది నాన్న నోట్లోంచి బయటికొచ్చేసరికి మూడు కల్లాల అవతలివాళ్ళు కూడా ఉలిక్కిపడి పని చేస్తున్నారు. కొండ మీద ఆయన చెబితే వెనక ఫిరంగులు పేలింది ఇలాగేనేమో అనిపించింది. అంతలో కాయ ఘాటు లేచింది. మంచు కొండల్లో చెక్కు చెదరని అధికారి, పదహారేళ్ళుగా కల్లం వాసన మర్చిపోయి, తుమ్మి తుమ్మి కళ్ళ నీళ్ళు కార్చుకుంటూ తాళ్ళు బిగించారు. నేను చీపురు పట్టుకుని పగలబడి నవ్వాను. పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురు అలా నవ్వడం మా ఊరి చరిత్రలో లేదు.

పద్నాలుగో నిమిషంలో వాన పడింది. ఒక మూల నాలుగు తట్టల కాయ తడిసింది, అంతే.

అందరం కల్లం పక్కన పాకలోకి దూరాం. తడి బట్టలు, ఎర్రటి చేతులు. నాన్న ఊపిరి తీసుకున్నాక, చెవి సంగతి నాకెందుకు చెప్పలేదు మాష్టారూ అని అడిగాడు. కాఫీలయ్యాక చెబుదామనుకున్నానని హెడ్మాస్టరు గారు నసిగారు. మా ఆయనకి అప్పుడు తెలిసింది. లేచి నిలబడి, మీకు తెలిసే పిలిచారనుకున్నానండి, తెలియదంటే తప్పు మావైపే, మేం బయల్దేరతాం అన్నారు. ఆయన నిజంగానే చెప్పులు వెతుక్కుంటున్నారు. వాళ్ళమ్మ గారు చెంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే నా బతుకంతా ఆ గుమ్మం దాటి వాన్లోకి వెళ్ళిపోతుందని అర్థమైంది.

"నాన్నా, నాకు సన్మానం రోజు నుంచీ తెలుసు. నీకు తెలియకూడదనే కుర్చీలు మార్చాను."

పాక మీద వాన ఇంకా గట్టిగా అందుకుంది. నాన్న నన్ను చూశాడు. అమ్మని చూశాడు. వాస్తు అని అమ్మ మెల్లగా గొణిగింది. నాన్న ఆయన కేసి తిరిగాడు.

"నీ లోపం నీ నోటితో నువ్వే చెప్పావు బాబూ. మా పిల్ల లోపం నేను చెప్పాలి గదా. ఇది కప్పుద్ది."

పాకంతా గొల్లుమంది. ఆయన ఒక్కరూ నవ్వలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఏమైందన్నట్టు అందరి ముఖాలూ చూస్తున్నారు. అంత వాన మోత, పైగా నాన్న కూర్చున్నది ఆయనకి ఎడమ పక్కన. నాన్నకి అది ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది. మోకాళ్ళు పట్టుకుని లేచాడు. పాక మధ్యలో మోసుకొచ్చి పోసిన కాయ కుప్ప అడ్డంగా ఉంది, దాని చుట్టూ, వాన్లోంచి, బురదలోంచి నడిచి ఆయన కుడి పక్కకి వెళ్ళాడు. వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తనూ కూర్చుని, చెవి దగ్గరికి వంగాడు. నా ఇరవై రెండేళ్ళలో నాన్న గొంతు తగ్గించడం నేను చూడలేదు. ఏమన్నాడో మాలో ఎవ్వరికీ వినపడలేదు.

ఆయన ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుని, "జూన్ దాకా సెలవు దొరకదండి," అన్నారు.